పాట రాసే స్త్రీకి రేడియో ఎందుకు కావాలి?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలోని కంట్రీ సంగీతం గురించి మన సభలో మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. పల్లె బతుకులు, కూలి పనులు, కాపురంలోని కష్టసుఖాలు ఆ పాటల వస్తువులు. నాష్‌విల్ నగరం వాటికి కేంద్రం. నేను సంగీత విద్వాంసురాలిని కాను. స్త్రీల శ్రమకు దక్కే ప్రతిఫలం అనే కోణం నుంచే ఈ విషయం చూస్తున్నాను.

ముందుగా ఒక సంగతి తెలియాలి. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే పాడినవారికి పైసా రాదు. రాసినవారికి, ప్రచురణ హక్కులున్నవారికే రాయల్టీ వస్తుంది. తాను పాడకుండా పాటలు రాసి మాత్రమే బతికే స్త్రీకి కచేరీల ఆదాయం కూడా ఉండదు. అందువల్ల రేడియోలో పాట రావడం ఆమెకు పేరుప్రతిష్ఠల విషయం కాదు, కూలి విషయం.

ఈ కూలి ఎలా ఆగిపోతుందో చూడండి. గర్భనిరోధక మాత్ర స్త్రీకిచ్చిన స్వేచ్ఛ గురించి లొరెట్టా లిన్ ఒక పాట పాడింది. బొగ్గుగని కార్మికుడి కూతురామె. 1972లో రికార్డు చేసిన ఆ పాటను కంపెనీ 1975 వరకూ విడుదల చెయ్యలేదు. విడుదలయ్యాక ఎన్నో రేడియో స్టేషన్లు దాన్ని నిషేధించాయి. మందుకొట్టే మగవాడి పాటకు లేని అభ్యంతరం, తన శరీరం తనదన్న స్త్రీ పాటకు వచ్చింది.

తర్వాత నిషేధాల అవసరం కూడా లేకపోయింది. ఇద్దరు స్త్రీల పాటలు వరసగా వెయ్యకూడదన్నది అలిఖిత నియమమైంది. 1996 చట్టంతో స్టేషన్ల యాజమాన్యంపై దేశవ్యాప్త పరిమితి పోయింది. కొద్ది కంపెనీలు వందల స్టేషన్లు కొన్నాయి. ఏ పాట వెయ్యాలో నిర్ణయించే చేతులు తగ్గిపోయాయి. 2015లో ఒక రేడియో సలహాదారు మగ గాయకులను సలాడ్‌లోని ఆకుకూరతో, స్త్రీలను పైన వేసే టమాటా ముక్కలతో పోల్చాడు. అంటే మనం భోజనం కాదు, అలంకారం!

కెనడా పరిశోధకురాలు జాడా వాట్సన్ లెక్కలు తీసింది. రేడియోలో ఎక్కువగా మోగిన కంట్రీ పాటల వార్షిక జాబితాలో స్త్రీలు పాడినవి 2000లో 33 శాతం. 2018 నాటికి అవి 11 శాతానికి పడిపోయాయి. 2014-18 మధ్య బాగా ఆదరణ పొందిన 500 కంట్రీ పాటల రచయితల్లో స్త్రీలు 12 శాతమేనని మరో అధ్యయనం తేల్చింది. ఈ రెండింటికీ సంబంధముంది. స్త్రీ అనుభవంలోంచి పుట్టిన పాటను పాడేది ఎక్కువగా స్త్రీలే. వాళ్ళ గొంతు రేడియోలో వినపడకపోతే రాసినామె ఇంట్లో పొయ్యి వెలగదు.

'ఆడ శ్రోతలకే ఆడవాళ్ళ పాటలు నచ్చవు' అని యాజమాన్యాలు వాదిస్తాయి. తప్పు మన మీదికే తోసే ఈ వాదన మనకు కొత్త కాదు. వినిపించని పాట నచ్చడమెలా?

2023లో ఒక విచిత్రం జరిగింది. ట్రేసీ చాప్‌మన్ రాసి పాడగా 1988లో విడుదలైన 'ఫాస్ట్ కార్'ను ల్యూక్ కోంబ్స్ మళ్ళీ పాడాడు. అది కంట్రీ రేడియో జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఒంటరిగా రాసిన పాటతో ఆ స్థానం అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. చాప్‌మన్ కంట్రీ గాయని కాదు, నిజమే. కోంబ్స్‌ను తప్పుపట్టడమూ నా ఉద్దేశం కాదు. నల్లజాతి స్త్రీ కలానికి ఆ తలుపు మగ గొంతుతో తెరుచుకుందన్నదే గమనించాలి.

స్త్రీలు ఊరుకోలేదు. 2014 నుంచి నాష్‌విల్‌లో 'సాంగ్ సఫ్రజెట్స్' పేరిట పాటలు రాసే స్త్రీలు వారం వారం తమ పాటలు తామే వినిపిస్తూ వచ్చారు. 2020లో సీఎంటీ అనే టీవీ చానల్ స్త్రీల వీడియోలకు సగం సమయం ఇస్తామని ప్రకటించింది. సగం అడగడం అత్యాశ కాదని అది రుజువు చేసింది.

ప్రసారాల లెక్కలు ఏటా బయటపెట్టాలనీ, వాటిలో పాడినవారితోపాటు రాసినవారి వివరాలూ ఉండాలనీ మనం కోరాలి. కూలి ఎగ్గొట్టేవాడిని లెక్క అడగడం హక్కుల పోరాటంలో మొదటి మెట్టు. అది పొలంలోనైనా అంతే, పాటలోనైనా అంతే.