పాత డీజిల్ ట్రక్కున గేరు మారకున్నచో



ఎద్దు నడవనంత మాత్రమున దానిని సంతకు తోలువాడు తెలివిగల రైతు కాడు. అతడు ముందుగా మెడ చూచును, డెక్క చూచును, బండి యిరుసునకు కందెన యున్నదో లేదో చూచును. యంత్రముల యెడలను ఈ న్యాయమే చెల్లును. అమెరికా దేశపు రైతులు వాడుచు వచ్చిన యొక పాత డీజిల్ ట్రక్కును నిదర్శనముగా గైకొని, ఈ విషయమును తమకు మనవి చేసెదను.

ఆ దేశమున గడ్డికట్టలను, పశువులను నింపిన తగులు బండ్లను లాగుటకు డాడ్జ్ రామ్ అను ట్రక్కును వాడుదురు. మన లారీకంటె అది చిన్నది. 1989 నుండి దానియందు కమిన్స్ వారి 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను లభింపసాగెను. ఇంజను చిరకాలము మన్నునది. దానితో కూర్చిన ఆటోమేటిక్ గేరుపెట్టె మాత్రము ముందుగా పేచీ పెట్టుట కలదు. 1996 నుండి వచ్చిన నాలుగు గేర్ల పెట్టెకు 47 ఆర్‌ఇ యని పేరు. గేరు సరిగా మారనప్పుడు, పెట్టెనే మార్చవలెనని చెప్పువారు పెక్కురు. అందులకు వేల డాలర్లు వ్యయమగును. లోపము ఒక తీగలోనో, ఒక చిన్న పరికరములోనో యున్నచో ఆ ధనమంతయు వృథా.

ఈ పెట్టెలో క్లచ్చి తొక్కు పని లేదు. నూనె యొత్తిడియే గేర్లను మార్చును. దీనిని తక్కెడగా భావింపుడు. ఒక సిబ్బెలో బండి వేగము, రెండవదానిలో తోలువాని పాదపు బరువు. వేగపు సిబ్బె మొగ్గినచో గేరు పైకి మారును. పాదపు సిబ్బె మొగ్గినచో క్రింది గేరే నిలుచును. పాదపు బరువును ఇంజను నుండి పెట్టెకు పోవు తీగ తెలుపును. వేగమును తెలుపు ఒత్తిడిని విద్యుత్తుతో పనిచేయు గవర్నరు సోలినాయిడ్ కల్పించును. కావున గేరు ఆలస్యముగా మారినచో రెండు ప్రశ్నలు వేసికొనవలెను: పాదపు సిబ్బె బరువెక్కినదా? వేగపు సిబ్బె తేలికైనదా?

అన్నిటికంటె ముందు నూనెను చూడవలెను. బండిని కొంతదూరము నడిపి, నూనె వేడెక్కిన పిమ్మట సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టి, ఇంజను తిరుగుచుండగా గేరును న్యూట్రల్‌లో నుంచి కొలువవలెను. పెక్కు బండ్లలో పార్కునందుంచి కొలుతురు; ఈ పెట్టెలో అట్లు చేసినచో టార్కు కన్వర్టరునకు నూనె పోదు గనుక కొలత తప్పును. ఎఱ్ఱని నూనె మంచిది. నల్లబడి మాడు వాసన వచ్చినచో లోపలి క్లచ్చీలు కాలినట్లు. పాలవలె తెల్లబడినచో నీరు చేరినట్లు. నూనె తక్కువైనను, మితి మీరి నురుగెత్తినను గేర్లు జారును.

పిదప తీగ. ఇంజను ఆపి, ఒకరు పెడలు తొక్కుచుండగా వేరొకరు పెట్టె ప్రక్కనున్న మీటను గమనింపవలెను. ఇంజను మీట కదలిన క్షణముననే అదియు కదలవలెను. తీగ బిగిసియున్నచో గేరు ఆలస్యముగా, కుదుపుతో మారును. వదులైనచో త్వరపడి మెత్తగా మారును. ఈ మెత్తదనమును చూచి సంతోషింపరాదు; ఒత్తిడి చాలక క్లచ్చీలు జారి కాలిపోవును.

గంటకు 40, 50 మైళ్ల వేగమున సమముగా పోవుచుండగా ఇంజను మోత మాటిమాటికి హెచ్చి తగ్గినచో, అది జారుటయే యని పలువురు భ్రమపడుదురు. కన్వర్టరు లాకప్పు పడుచు విడుచుచుండుటచేత తరచుగా అట్లగును. త్రాటిల్ స్థితిని తెలుపు సెన్సారు అరిగియుండవచ్చును. లేదా ఆల్టర్నేటరు నుండి వచ్చు విద్యుత్తు శుద్ధముగా నుండకపోవచ్చును. రెండు బ్యాటరీల తీగల కొనలను శుభ్రపరచి, ఈ రెంటిని పరీక్షింపవలెను.

నిలిచిన బండి పై గేరుతోనే కదలినను, మొదటి గేరును వీడకున్నను, గవర్నరు సోలినాయిడును, దాని ఒత్తిడిని కొలుచు సెన్సారును శంకింపవలెను. ఇవి అడుగు పళ్లెమును విప్పినంతనే అందును. పెట్టెను దింప నక్కర లేదు. అప్పుడే వడపోతను గూడ మార్చుట మేలు. పళ్లెములో సన్నని బూడిదరంగు పొడి సహజము. లోహపు తునుకలు, క్లచ్చి పెచ్చులు కనబడినచో మాత్రము పెట్టెను విప్పింపక తప్పదు. అట్టి బండికి బరువు కట్టి ఘాటు రోడ్డు ఎక్కించుట ప్రాణములతో చెలగాటమే.

నాడి చూడక మందిచ్చు వైద్యుని మనము నమ్మము. నూనె చూడక, తీగ చూడక, ఒత్తిడి కొలువక పెట్టె మార్చుమను మేస్త్రీని మాత్రమేల నమ్మవలెను? "ఏమి పరీక్షించితివి? ఏమి కనుగొంటివి?" అని అడుగుట యజమానుని హక్కు. బండి అమెరికాలోనిదైనను, మన పొలములోని ట్రాక్టరైనను, ఆ రెండు ప్రశ్నలు వేసిన పిదపనే డబ్బుసంచి ముడి విప్పుడు.