సూది చెప్పేది సగమే
(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో భోజనాల దగ్గర ఒక మిత్రుడు నన్నడిగారు: "మనవడి బండికి కాస్త చిక్కటి ఆయిలు పోయిస్తే ఇంజను చల్లగా ఉంటుంది కదా?" అని. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ పొరపాటుకు మరొకరు మూల్యం చెల్లించారు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు వంటింటి సంగతి. చలికాలం పొద్దున చెనిక్కాయ నూనె డబ్బా వంచితే నూనె నిదానంగా జారుతుంది. అదే నూనె బాణలిలో కాగితే నీళ్లలా పారుతుంది. ఇంజను ఆయిలు గుణమూ అంతే. 40 నంబరు ఆయిలుకు 40 డిగ్రీల వేడి దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీల దగ్గర సుమారు పదోవంతే మిగులుతుంది. అందుకే 15డబ్ల్యు-40 వంటి ఆయిళ్లు వచ్చాయి. మొదటి అంకె చలిలో అది ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండవది ఇంజను వేడెక్కాక ఎంత చిక్కదనం నిలుస్తుందో చెబుతుంది.

ఆయిలు పని జారుడు ఒక్కటే కాదు. రేడియేటరు నీళ్లు సిలిండరు చుట్టూ తిరుగుతాయి గాని, క్రాంకుషాఫ్టు బేరింగుల్లోకి, పిస్టన్ల అడుగుకు పోలేవు. అక్కడి వేడిని మోసుకొచ్చేది ఆయిలే. మన తిరుమల ఘాట్ తీసుకోండి. మొదటి రోడ్డు 1944లో, రెండవది 1974లో వచ్చాయి. నిండు బస్సు చిన్న గేరులో కొండ ఎక్కేటప్పుడు ఇంజను మీద బరువెక్కువ, బండి వేగం తక్కువ, ఎదురుగాలి తక్కువ. అప్పుడు ఆయిలు ఆగకుండా పారుతూ ఉండాలి. మరీ పలచనైతే లోహాల మధ్య పొర తెగుతుంది. మరీ చిక్కనైతే సందుల్లోకి చాలినంత పోదు, పైగా తన రాపిడితో తానే వేడి పుట్టిస్తుంది.

ఇక నా కథ. 1978లో నేను ఒక ప్రైవేటు షెడ్డులో కుర్ర మెకానిక్‌ని. ఒక పాత లారీకి ఇంజను వేడెక్కితే ఆయిలు ప్రెషరు పడిపోయేది. 40 తీసేసి 50 నంబరు పోశాను. గేజిలో సూది పైకి లేచింది. యజమాని భుజం తట్టారు.

ఆ డిసెంబరులో చిత్తూరు నుంచి బెల్లం లోడుతో బయలుదేరిన డ్రైవరన్న రాత్రి బంగారుపాళ్యంలో ఆగి, తెల్లవారుజామున బండి తీసి, నేరుగా మొగిలి ఘాట్ ఎక్కించారు. సగం ఘాట్‌లో ఇంజను దడదడ కొట్టి ఆగిపోయింది. విప్పి చూస్తే బిగెండు బేరింగులు కాలి నల్లబడ్డాయి.

జరిగిందేమిటి? గేజి చూపేది ఒత్తిడిని, పారుదలను కాదు. చల్లటి చిక్కటి ఆయిలు దారిలో మొరాయిస్తే ఒత్తిడి పెరుగుతుంది, రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, ఆయిలు కొంత బేరింగుల దాకా పోకుండానే సంపులోకి తిరిగొస్తుంది. సూది మాత్రం నిక్కి నిలబడుతుంది. అసలు జబ్బు బేరింగులు అరిగి సందులు పెరగడం. నేను జబ్బును వదిలి సూదికి వైద్యం చేశాను.

యజమాని మాత్రం "నిద్రమత్తులో తోలావు" అని డ్రైవరన్న జీతంలో కోత పెట్టారు. నేను నోరు విప్పలేదు. మూడు నెలల తర్వాత ఆయన ఇంటికెళ్లి తప్పు ఒప్పుకొన్నాను. ఆయన అన్నది ఒకటే: "ఆ సూదిని నమ్మింది నువ్వొక్కడివేనా అప్పా, నేనూ నమ్మినా గదా." మర్నాడు యజమానికీ చెప్పాను. కోసిన డబ్బు వెనక్కి రాలేదు. డ్రైవరన్న ఇప్పుడు లేరు.

కాబట్టి మిత్రులారా, మీ ఇంటి బండికి దానితో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి, గడువుకు మార్పించండి. గాలితో చల్లబడే మోటారు సైకిలుకు నీళ్ల ఆసరా లేదు గనుక ఆయిలు మీద భారం ఇంకా ఎక్కువ. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్చి కూడా ఆ ఆయిలులోనే తడుస్తుంది. కారు ఆయిలు పోయించకండి. చలి పొద్దున బండి తీయగానే ఎక్కువ రేజ్ చేయవద్దు. ప్రెషరు తగ్గితే ఎందుకు తగ్గిందో వెతికించండి. చిక్కటి ఆయిలుతో కప్పెట్టవద్దు.

2022 నుంచి తిరుమలకు కరెంటు బస్సులూ నడుస్తున్నాయి. వాటికి ఇంజను ఆయిలుతో పని లేదు. కాని మన ఇళ్ల ముందున్న బండ్లకు ఇంకా ఉంది. అందుకే ఇంత సమయం తీసుకున్నాను.