చేతిపనుల వెబ్‌సైటు: మార్పు మీ చేతిలోనే ఉండవలెను



మన ఎల్లారెడ్డిపేట ఉన్న రాజన్న సిరిసిల్ల జిల్లాలో 2017 నుండి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరలు మరమగ్గములకు చేతినిండా పని కల్పించినవి. కాని ఒక్క కొనుగోలుదారునే నమ్ముకొన్న మగ్గము, ఆ ఆర్డరు తగ్గిన ఏడు ఆగిపోవును. సేద్యముతోపాటు నేతపనిగాని, బుట్టల అల్లికగాని చేయు కుటుంబములు నేరుగా సరుకు అమ్ముకొనుటకు వెబ్‌సైటు ఒక మార్గము.

అయితే, చేతిపనిలో ఒక వస్తువువలె మరియొకటి ఉండదు. అమ్ముడైన చీర ఫోటో, పాత ధర అక్కడే కనిపించుచుండిన కొనువాడు మరల రాడు. కావున ఈ పద్ధతులు పాటించండి.

1. మారని వివరములు, అనగా చిరునామా, పని విధానము ఒక పుటలోను. మారునవి, అనగా ఫోటో, ధర, నిల్వ వేరొక పుటలోను ఉంచండి.

2. వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాధనముతో తయారు చేయించండి. ఫోనునుండి ధర మార్చుట మీరే నేర్చుకొని, ఒకసారి స్వయముగా మార్చి చూచిన పిమ్మటనే మిగిలిన కూలి చెల్లించండి.

3. డొమైను పేరు, పాస్‌వర్డు మీ స్వాధీనములోనే ఉండవలెను. గడువులోగా రుసుము కట్టనిచో ఆ పేరును ఇతరులు తీసికొనవచ్చును.

4. పది వస్తువులతో మొదలుపెట్టి, వారమునకొకసారి నిల్వ సరిచూడండి.

చూడని సేద్యము చెడును. చూడని వెబ్‌సైటూ అంతే.