వెరోనికా రోడ్రిగ్స్: ఘ్రాణశాస్త్రంలో బొంబాయి అధ్యాయం

ఘ్రాణశాస్త్ర చరిత్రను 1991తో ఆరంభించడం ఆనవాయితీ అయిపోయింది. వాసన అణువు వచ్చి అతుక్కునే ప్రొటీన్లను గ్రాహకాలంటారు. ఎలుక ముక్కులో వాటిని తయారుచేసే జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఆ ఏడాది వెల్లడించారు, 2004లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ గౌరవం సముచితమే గాని, వాసన పసిగట్టే శక్తిని జన్యువుల వారీగా విడదీసి చూడవచ్చునని అంతకు పదమూడేళ్ల ముందే బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చూపించిన పనికి ఆ చరిత్రలో తగిన చోటు దక్కలేదు. ఇంద్రియ జీవశాస్త్రం ఈ సదస్సు చర్చనీయాంశమైనందున, ఆ పనికి ఆయువుపట్టు అయిన వెరోనికా రోడ్రిగ్స్ పరిశోధనా జీవితాన్ని నిదానంగా పరిశీలించడం ఉచితం.

గోవా మూలాలున్న కుటుంబంలో 1953లో కెన్యాలో పుట్టిన రోడ్రిగ్స్, డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదువు ముగించి, ఒబైద్ సిద్దిఖీ పరిశోధనల పట్ల ఆకర్షణతో బొంబాయి చేరారు. హోమీ భాభా పిలుపుమేరకు 1962లో ఆ సంస్థలో అణుజీవశాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన సిద్దిఖీ అప్పటికి సూక్ష్మజీవుల జన్యుశాస్త్రం నుంచి పండ్ల ఈగ నాడీవ్యవస్థ వైపు మళ్లి ఉన్నారు. మగ్గిన పండ్ల చుట్టూ ముసిరే ఈ చిన్న ఈగ వాసన మీదే ఆధారపడి బతుకుతుంది, త్వరగా తరాలు పెంచుతుంది.

1978లో వీరిద్దరూ ప్రకటించిన ప్రయోగ పద్ధతి సరళతే దాని గొప్పతనం. వై అక్షరం ఆకారంలో చీలిన గొట్టంలో ఒక పాయలోకి వాసన కలిపిన గాలిని, రెండో పాయలోకి మామూలు గాలిని పంపి, ఏ పాయలోకి ఎన్ని ఈగలు చేరాయో లెక్కపెట్టి, ఆ తేడాను మొత్తం సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఆ ఈగల ఘ్రాణ సూచిక. అది సున్నాకు దగ్గరపడితే అవి ఆ వాసనను పట్టించుకోవడం లేదని అర్థం. రసాయనాలతో జన్యువుల్లో మార్పులు కలిగించి, అలా మారిన ఈగలను, అనగా ఉత్పరివర్తకాలను, ఈ గొట్టంలో పరీక్షించారు. మగ ఈగకు ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది గనుక, దానిమీది లోపాన్ని కప్పిపుచ్చే జత జన్యువు లేక అది వెంటనే బయటపడుతుంది. బాదం వాసన ఇచ్చే బెంజాల్డిహైడ్ వంటి ఆల్డిహైడ్లకు స్పందించని ఈగలు కొన్ని, పండ్ల వాసన ఇచ్చే ఎసిటేట్లకు స్పందించనివి మరికొన్ని దొరకడంతో, వాసనలన్నీ ఒకే దారిన మెదడుకు పోవని తేలింది. గ్లూకోజ్ తరగతి చక్కెరల రుచిని మాత్రమే కోల్పోయిన ఈగను 1981లో వర్ణించినపుడూ తర్కం ఇదే.

ఈ మార్గానికి ఒక పరిమితి ఉందని ఒప్పుకోవాలి: అది గ్రాహక జన్యువుల దాకా చేరలేదు. 1999లో ఈగ గ్రాహకాలు దొరికింది వేరే పద్ధతుల వల్ల. అయితే అప్పటికే రోడ్రిగ్స్ దృష్టి గ్రాహకం నుంచి మెదడుకు సాగింది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఎరిక్ బుచ్‌నర్‌తో కలిసి ఆమె 1984లో ప్రకటించిన పనిలో, రేడియోధార్మిక హైడ్రోజన్ గుర్తు ఉన్న డీఆక్సీగ్లూకోజ్‌ను వాడారు. పనిలో ఉన్న నాడీకణం దీన్ని మామూలు చక్కెరే అనుకుని లోపలికి తీసుకుంటుంది, కాని పూర్తిగా జీర్ణించుకోలేదు. కనుక వాసన చూపిన తర్వాత మెదడును పలుచని ముక్కలుగా కోసి ఫిల్మ్‌కు ఆనిస్తే, శ్రమించిన చోట్లు నల్లబడతాయి. ఈగ మీసాల నుంచి వచ్చే నాడీతంతువులు మెదడులో గ్లోమెరులై అనే చిన్న చిన్న గుండ్రని ముడులుగా చేరతాయి. ఒక్కో వాసనకు ఒక్కో ముడుల సముదాయం మేలుకుంటుందని 1988 నాటి వ్యాసంలో ఆమె చూపారు. ఈగ మెదడులో వాసనల పటానికి సంబంధించిన తొలి రేఖల్లో ఇది ఒకటి, ఆమె కృషిలో అన్నిటికన్నా తక్కువగా గుర్తింపు పొందినదీ ఇదే.

తరవాతి కాలమంతా ఈ ముడులు ఎలా కట్టబడతాయన్న ప్రశ్నకే అంకితమైంది. మీసం మీది ఘ్రాణ రోమాల్లో ఒక తరగతికి అటోనల్ అనే జన్యువు బీజం వేస్తుందని 1997లో ఆమె ప్రయోగశాల తేల్చింది. ఆ తరగతి నాడీకణాలే ముందుగా మెదడుకు చేరి గ్లోమెరులై నిర్మాణానికి దారి వేస్తాయని ఆ తర్వాత చూపింది. చాలాసేపు ఒకే వాసనలో ఉంటే అది తెలియకుండా పోవడానికి, ఆ ముడుల్లోని నిరోధక నాడీకణాలు బలపడటమే కారణమని మణి రామస్వామి బృందంతో కలిసి చేసిన పరిశోధన 2011లో వెలువడింది. అప్పటికి ఆమె లేరు. 2010 నవంబరు 10న బెంగళూరులో క్యాన్సర్‌తో మరణించారు.

ఇంద్రియాల మీద తెలుగులో పాఠాలు, గ్రంథాలు రాసే రచయితలు నోబెల్ కథతో పాటు బొంబాయి గొట్టాన్ని, ట్యూబింగెన్ ఫిల్మ్‌ను కూడా విద్యార్థులకు పరిచయం చేయాలని ఈ సభ కోరుతున్నది.