హాజరు పిలిచే వేళ

 

ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరు మీద జరుగుతోందో, ఆయన దగ్గర నేను మూడేళ్లు చదువుకున్నాను. ఆయన హాజరుకు నంబర్లు పిలిచేవారు కాదు. పేరు పిలిచి, తల ఎత్తి చూసేవారు. మా నాన్న పోయిన నెలలో ఒకరోజు నా "ప్రెజెంట్ సార్" విని పెన్ను ఆపారు. అప్పుడేమీ అడగలేదు. బెల్లు కొట్టాక, "ఈ కాంపోజిషన్ పుస్తకాలు స్టాఫ్ రూముకి పట్టుకురారా" అన్నారు. దారిలో వేపచెట్టు దగ్గర ఆగి, "అన్నం తింటున్నావా?" అన్నారు. నేను అక్కడే ఏడ్చేశాను. పుస్తకాల కట్ట తన చేతిలోకి తీసుకుని, నా ఏడుపు అయ్యేదాకా ఆయన ఎండలోనే నిలబడ్డారు.

విద్యార్థుల మానసిక ఆరోగ్యం, ఉపాధ్యాయుల పాత్ర అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది. మనం ఉపాధ్యాయులం, డాక్టర్లం కాము. జబ్బుకు పేరు పెట్టడం మన పని కాదు. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపెట్టగలిగేది రోజూ చూసేవాళ్లే. చేతిరాత చెదురుతుంది. ముందు బెంచీ పిల్ల వెనక్కి జరుగుతుంది. క్యారేజీ తెరవకుండానే ఇంటికి వెళ్లిపోతుంది. ఇష్టంగా దాచుకున్న వస్తువులు స్నేహితులకు పంచేస్తుంటే మాత్రం ఆ పూటే మాట్లాడాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా అని నేరుగా అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉందని చెబితే ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. అలాగని స్టాఫ్ రూములో కబురుగా చెప్పకండి. ఇంట్లోవాళ్లకు, వైద్యులకు చేరాల్సిన మాట అది.

ఈ మాటలు చెప్పే నేను పదేళ్లపాటు ఒక తప్పు చేశాను. పరీక్ష పేపర్లు ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కుల వరుసలో, మార్కులు పైకి చదివి మరీ ఇచ్చేవాణ్ణి. పౌరుషం వస్తుందనుకున్నాను. చివరి నలుగురూ పేపరును నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో దాచుకుని వెళ్లేవారు. ఆ గుప్పిళ్లు నాకిప్పటికీ కనిపిస్తాయి. విద్యాహక్కు చట్టం 2009లోనే బడిపిల్లల్ని కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం గురించి విన్నాం, రెండో మాటను పట్టించుకోలేదు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తెలుగులో 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఆ తర్వాతి రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఏ మరణానికైనా కారణం ఒక్కటేనని తేల్చలేం. కానీ తప్పితే మళ్లీ రాయొచ్చని, ఫలితాలకు ముందే వాళ్లతో చెప్పినవాళ్లు ఎంతమంది?

విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ మరణానికి సంబంధించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మానసిక ప్రథమ చికిత్సలో బోధన, బోధనేతర సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయొద్దంది. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరిదే. ర్యాంకు మారినప్పుడల్లా సెక్షన్ మారిపోతుంటే లెక్చరర్‌కి పిల్లల పేర్లే గుర్తుండవు. ఇక గొంతులో తేడా ఎలా తెలుస్తుంది? లెక్చరర్లకు ఊపిరాడనివ్వని టైంటేబుల్ వేసి, పిల్లల్ని కనిపెట్టి ఉండమనడం న్యాయం కాదు. యాజమాన్యాలు, ప్రభుత్వాలు ముందు ఆ టైంటేబుల్‌ను సరిచేయాలి.

అంతవరకు మనం చేతులు ముడుచుకుని కూర్చోలేం. మానసిక ఆరోగ్య సహాయానికి టెలి మానస్ అనే ఫోన్ సేవ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నంబరు 14416. రేపు ఉదయం మీ హాజరుపట్టీ అట్ట లోపలివైపు రాసుకోండి. పేర్లు పిలిచేటప్పుడు తల ఎత్తి చూడండి.