కౌండిన్య నుండి లంకమల దాక పక్షుల వెంట

పక్షులను చూచుటకై అడవికి పోవుచున్నామని చెప్పినచో మన పల్లెలలో పెద్దలు నవ్వుదురు. పిట్టలు పెరటిలో లేవా అని వారి ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాకి, గోరువంక, పిగిలిపిట్ట, జెముడుకాకి మన యింటి చుట్టముల వంటివి. కాని పెరటిపిట్ట మనుష్యునితో సర్దుకొని బ్రదుక నేర్చినది. అడవిపిట్ట అట్లు గాదు. దానికి తన కొండవాలు, తన పొద, తన సెలయేరు కావలెను. అవి పోయినచో అదియు పోవును. రాయలసీమ దక్షిణపు కొసనుండి కడప కొండల వరకు ఆ కొండవాళ్లును పొదలును ఏ స్థితిలో నున్నవో కన్నులార చూడవలెనని కొందరము మిత్రులము కలసి శీతకాలమున బయలుదేరితిమి.

మా ప్రయాణమునకు మొదటి మజిలీ బైరెడ్డిపల్లె. పలమనేరు నుండి కుప్పము పోవు దారిలో నున్న యీ యూరు మూడు రాష్ట్రముల సరిహద్దునకు దగ్గర. అందుచే ఇచ్చట తెలుగు, కన్నడము, అరవము మూడును చెవినిబడును. రాగిచేలు, వేరుసెనగ, టమాట తోటలు దాటిన పిమ్మట అడవి మొదలగును. ఇది పడమటి కనుమలలోని నిత్యహరితమైన కీకారణ్యము వంటిది గాదు. ఉష్ణమండలములోనిదే యైనను ఎండకాలమున ఆకు రాల్చి తొలకరికి చిగిర్చు మెట్టయడవి. వెదురు, తెల్లమద్ది, చిరుమాను, వాని నడుమ ముండ్లపొదలు, పెద్దపెద్ద గుండ్లు. 1990వ సంవత్సరమున దీనిని కౌండిన్య అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము ఇంచుమించు 358 చదరపు కిలోమీటర్లు. పాలారులో కలియు కౌండిన్య నది పేరే దీనికి వచ్చినది.

ఈ యడవిలో పక్షులకొరకు తిరుగువారు ముందుగా ఏనుగులను గూర్చి విచారించుకొనవలెను. 1980 తరువాతి సంవత్సరములలో పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు వలసవచ్చి ఇచ్చట నిలిచినవి. రైతు పెంచిన పంట ఒక్క రాత్రిలో పోవుటయు, మనుష్యులును ఏనుగులును ప్రాణములు గోల్పోవుటయు ఇచ్చట అప్పుడప్పుడు జరుగుచున్నవి. అడవి యందమును బయటినుండి వచ్చినవారు పొగడి పోవుదురు. దాని వెల మాత్రము అంచుననున్న పల్లెలవారు చెల్లించుచున్నారు. ఈ మాట మరచి అడవిని గూర్చి మాట్లాడుట ధర్మము గాదు. మాకు దారిచూపిన పెద్దాయన, "పిట్టలు కూస్తా ఉన్నంతసేపు భయం లేదు సామీ. అడవి గమ్మునైపోతే మాత్రం ఎక్కడోళ్లక్కడ నిలబడిపోండి" అని హెచ్చరించెను. పక్షిశాస్త్రమున మాకు దొరికిన మొదటి పాఠమిది.

బైరెడ్డిపల్లె ప్రాంతమున కైగల్ జలపాతము కలదు. రాళ్లు దొర్లినట్లు వినబడు నీటి చప్పుడునుబట్టి స్థానికులు దానిని డుముకురాళ్లు అందురు. తెల్లవారుజామున అచ్చటికి చేరి, మాటలు మాని కూర్చుంటిమి. మొదట అడవికోడి కూసెను. అది ఊరికోడి కూతవలె నిడుపుగా సాగదు, తెగితెగి వినబడును. దాని మెడయీకలపై మైనపుబొట్ల వంటి మచ్చలుండును. ఆ యీకలకొరకే విదేశములలో చేపలు పట్టువారు ఒకప్పుడు వీనిని వేలకొలది కోరిరి. పిమ్మట తోకపిగిలిపిట్ట వెండిదారముల వంటి తోకను జాడించుచు వెదురుపొదనుండి నీటిమీదికి వ్రాలి మరలెను. రాలిన ఆకుల క్రింద పురుగులను వెదకుచు పొన్నంగిపిట్ట యొకటి కనబడెను. ఎన్నో రంగులు దాని యొంటిమీద నున్నను, నేలమీద కదలక నిలిచినచో అది పిట్టయని పోల్చుకొనుట కష్టము.

అచ్చటినుండి పుంగనూరు మీదుగా మదనపల్లెకు చేరి, 4,000 అడుగులకు పైబడిన హార్స్‌లీ కొండ నెక్కితిమి. పూర్వము దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఇచ్చట మేము వెదకినది పసుపుగొంతు పిగిలిపిట్ట. మన పెరటి పిగిలిపిట్టకు దాయాది; కాని తలయు గొంతును పసుపు, నెత్తిన కుచ్చు లేదు, మహా పిరికిది. 1845లో జెర్డాన్ అను వైద్యుడు దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. దక్షిణాపథమునందలి రాతికొండలలో తప్ప ప్రపంచమున మరెచ్చటను ఇది లేదు. గుండ్లసందులలోని పొదలే దీని యిల్లు. ఆ గుండ్లనే నేడు పగులగొట్టి, నునుపుచేసి పలకలుగా ఎగుమతి చేయుచున్నారు. అడవిని నరికిన మరల మొలచునేమో గాని, పగులగొట్టిన కొండ మొలవదు.

నిరాశ పడనక్కరలేదని చెప్పుటకు మదనపల్లె దాపుననే నిదర్శనమున్నది. ఋషివ్యాలీ విద్యాలయమువారు బోడికొండలపై మేతను అరికట్టి, మొక్కలు నాటి, నీటిని నిలిపిరి. పొదలు తిరిగి వచ్చెను. వానివెంట పక్షులును వచ్చెను. 1991లో ఆ లోయను పక్షి సంరక్షణ స్థలముగా ప్రకటించుకొనిరి. తరువాత తలకోన చూచితిమి. అది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయవనములోనిది. అచ్చటి నీడలో వడ్రంగిపిట్టల చప్పుడు వినుచు ఒక పూట గడిపి, కడప దారి పట్టితిమి.

కడప సమీపమున లంకమల కొండల పాదమున మోకాలెత్తు ముండ్లపొదలు తప్ప చూపరులను ఆకర్షించున దేమియు లేదు. కాని ప్రపంచ పక్షిచరిత్రలో ఆ నేలకు గొప్ప స్థానమున్నది. జెర్డాన్ సేకరించిన ఒక పక్షిని 1848లో శాస్త్రజ్ఞులు నమోదు చేసిరి. 1900లో మరియొకసారి అది కనబడెను. ఆపైని 86 సంవత్సరములు జాడలేదు. సలీం ఆలీ వంటివారును దానికై వెదకించిరి. ఇక అంతరించినదనియే పలువురు తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ ఇచ్చటి పల్లెలవారికి పక్షిబొమ్మ చూపి విచారించగా, ఐతన్న అను గ్రామస్థుడు ఒక రాత్రి టార్చిలైటు వెలుగులో దానిని పట్టుకొనెను. శాస్త్రజ్ఞులు పగటివేళ వెదకుటచే దొరకలేదు. అది రాత్రివేళ తిరుగునది! కలివిపొదలలో తిరుగుటచే మనవారు దానిని కలివికోడి యనిరి. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. తెలుగుగంగ కాలువ దారిని గూడ దీనికొరకు మార్చిరి. మెత్తని మట్టి పరచి అడుగుజాడలు చూచియు, తమంత తామే ఫోటోలు తీయు కెమెరాలు పెట్టియు పరిశోధకులు దీనిని గమనించిరి. అయినను అది కనబడుట బహు అరుదు.

కారణమేమి? ఈ పక్షికి మరీ దట్టమైన పొద పనికిరాదు. మరీ బోసినేలయు పనికిరాదు. నడుమ ఖాళీలుగల చిట్టడవి కావలెను. అట్టి నేలను మనము బంజరని పిలుచుచున్నాము. బంజరని పేరుపెట్టిన పిమ్మట దున్నుటకు, తవ్వుటకు, మంచి తలంపుతోనే యైనను ఒత్తుగా చెట్లు నాటుటకు మనకు సంకోచముండదు. పెద్దవృక్షములు గల చోటే అడవియని తలచుట మన యలవాటు. ముండ్లపొదయు అడవియే. ఈ సంగతి తెలిసికొననిచో కలివికోడిని కాపాడుట కల్ల.

రాత్రులు ఆ యడవిలో తిరుగుట మాకు తగదు గనుక కలివికోడిని చూడలేదు. దాని పొదలను మాత్రము చూచితిమి. ఆ పొదలు నిలిచియున్నంతకాలము ఆశయు నిలిచియుండును.

శ్రోతలలో యువకులెవరైన పక్షులను చూడబోవుదురేని రెండు మాటలు. మట్టిరంగు బట్టలు కట్టి, అనుమతి తీసికొని, తెలిసిన గ్రామస్థుని వెంటబెట్టుకొని పొండు. సెల్‌ఫోనులో పక్షికూతలు వినిపించి వానిని పిలువవలదు. తన హద్దులోనికి మరియొక పక్షి వచ్చినదని బెదరి అది గూడు విడుచును. జెర్డాన్ 1862 మొదలు 1864 వరకు వెలువరించిన గ్రంథమున పక్షులకు తెలుగు పేర్లను గూడ వ్రాసెను. అవి మనవారి నోట విన్న పేర్లే. జిట్టకోడి, ఏట్రింత, పొన్నంగి యను మాటలు నేడు మన పిల్లలలో ఎందరికి తెలియును? మీ యింట పెద్దవారుండినచో ఈ సాయంకాలమే వారిని కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొనుడు. కలివికోడి అను పేరు పల్లెవారి నోట నిలిచియుండుటచేతనే ఆ పక్షి మరల లోకమునకు దొరకినది. పేరు గలదానిని వెదకువాడు ఎప్పటికైనను ఒకడు వచ్చును.