రక్తంలో పెద్దపేగు క్యాన్సర్ జాడ
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



భీమవరంలో పుట్టి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన సాగించిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూశారు. ఆయన బృందం నుండి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందుకు పిల్లల రక్తక్యాన్సర్ తాత్కాలికంగానైనా లొంగుతుందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించినదీ ఆ ఏడే. అదే సంవత్సరం, దూడ థైమస్ గ్రంథి డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరాన్ని పోలిన మరో అక్షరం ఉన్నదని రోలిన్ హాచ్‌కిస్ గమనించగా, కణాలలోనే ఉంటుందనుకున్న డీఎన్ఏ రక్తద్రవంలో విడిగానూ తిరుగుతుందని ఫ్రాన్సులో మాండెల్, మెటే చూపారు. ఈ రెండు పరిశీలనలు కలిసి ఒక రక్తపరీక్షగా రూపొందడానికి సుమారు అరవై ఏళ్లు పట్టింది.

హాచ్‌కిస్ గమనించిన అక్షరం, సైటోసిన్‌కు ఒక కర్బన పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు గల మిథైల్ గుంపు చేరగా ఏర్పడినది; ఈ చేరికనే మిథైలేషన్ అంటారు. ఆ గుంపును సమకూర్చే జీవరసాయన చక్రంలో, సుబ్బారావు బృందం సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లపు కుటుంబానికి చెందిన ఫోలేట్‌లకు పాత్ర ఉన్నది. ప్రొద్దుటూరు నగల మీది హాల్‌మార్కు ముద్ర బంగారాన్ని మార్చకుండానే దాని చెలామణిని ప్రభావితం చేసినట్లు, మిథైలేషన్ అక్షరక్రమాన్ని మార్చకుండానే జన్యువు పనిచేసే తీరును ప్రభావితం చేస్తుంది. పెద్దపేగు కంతుల్లో కొన్ని జన్యువుల వద్ద మిథైలేషన్ తగ్గుతుందని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ చూపగా, కణాల పెరుగుదలను అదుపుచేసే మరికొన్ని జన్యువుల వద్ద అది పెరిగి వాటిని మూగబోయేలా చేస్తుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. మిథైల్ లేని సైటోసిన్‌ను మాత్రమే మార్చే బైసల్ఫైట్ సహాయంతో ఈ గుర్తులను అక్షరం వెంట అక్షరంగా చదివే పద్ధతి 1992లో వచ్చింది.

కంతి కణాల నుండి రక్తంలోకి చేరే డీఎన్ఏలో సెప్టిన్-9 జన్యువు మిథైలేషన్‌ను వెదికే ఎపి ప్రోకోలన్ పరీక్షను అమెరికా 2016లో అనుమతించింది. అయితే లక్షణాలు లేనివారిపై జరిగిన పెద్ద అధ్యయనంలో దాని తొలి రూపం క్యాన్సర్లలో సగానికి కొంచెం తక్కువే పట్టగలిగింది. మిథైలేషన్‌తో పాటు డీఎన్ఏ తునకల తీరునూ పరిశీలించే షీల్డ్ పరీక్ష అక్కడే 2024లో అనుమతి పొందింది. అది 83 శాతం క్యాన్సర్లను గుర్తించినా, క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువగా ఉన్న కంతులలో 13 శాతాన్నే పట్టింది. పెద్దపేగు లోపలిని గొట్టపు కెమెరాతో పరీక్షించే కొలనోస్కోపీ ఆ కంతులను చూపడమే కాక, చాలావాటిని అక్కడికక్కడే తొలగించే వీలు కల్పిస్తుంది.

మన కడప జిల్లాకు ఈ చరిత్ర చెప్పే తీర్పు స్పష్టం. రక్తనమూనాను జమ్మలమడుగులో తీసి దూరపు ప్రయోగశాలకు పంపవచ్చు గాని, గుర్తు కనిపించినవారికి కొలనోస్కోపీ అందనప్పుడు ఆ ఫలితం భయాన్నే మిగులుస్తుంది. ముప్పై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం నిర్దేశించిన సామూహిక క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే పరిమితమైనందున, పెద్దపేగు విషయంలో జాగ్రత్త ఇంటి నుండే మొదలుకావాలి. మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని సరిపెట్టుకోక, మలవిసర్జన తీరు మారినా, కారణం లేకుండా రక్తహీనత వచ్చినా, రక్తపరీక్ష కోసం ఎదురుచూడక వెంటనే వైద్యుని సంప్రదించవలసిందిగా సభాసదులకు విజ్ఞప్తి.